పాచి

ముప్పై ఏళ్ళు దారం పంటితోనే తెంపాను.
కత్తెర పక్కనే ఉండేది.
చెయ్యి దాన్ని వెతికేలోపు
నోరు పని కానిచ్చేసేది.

కొరుక్కుపేట గేటు అవతల, మెట్ల కింద నా మిషను.
ఎన్ని జాకెట్లో, ఎన్ని ఫాల్సులో,
పెళ్ళి హడావుడిలో రాత్రికి రాత్రి ఎన్ని హుక్కులో,
అన్నీ ఈ ముందరి రెండు పళ్ళ కిందుగా వెళ్ళినవే.

కార్తీకంలో, ముసురు పట్టిన రోజు,
నల్లదారం కొరికితే
దారం తెగలేదు, పన్ను కదిలింది.
గూట్లో పిట్ట సర్దుకున్నట్టు, మెల్లగా.
నొప్పి లేదు. అదే నన్ను ముంచింది.
ఎర్ర పళ్ళపొడి వాడిన రోజుల్లో
ఎరుపులో ఎరుపు కనపడేది కాదు.
బ్రష్షు కొన్నాక కనపడితే
వేడి చేసిందనుకున్నాను.
మజ్జిగ తాగాను.

ప్రభుత్వ దంతాసుపత్రి. టోకెను నూట నలభై రెండు.
"పెంజలమ్మా" అని పిలిచారు.
పెంచలమ్మని. ఈ ఊళ్ళో ఆ జకారానికే
పలుకుతూ వచ్చాను, పలికాను.
కయల్విళి అనే పిల్ల డాక్టరు
సన్నటి కొలబద్ద చిగురు కిందికి దించి
అంకెలు చెబుతుంటే పక్కనున్న అబ్బాయి రాసుకున్నాడు:
మూడు, నాలుగు, ఆరు, ఏడు.
జనాల భుజాలూ నడుములూ కొలిచేదాన్ని నేను.
నా లోతు కొలిచింది ఈ పిల్లే.

గీకిన పాచిని గాజుపలక మీద పెట్టి
తెర మీద చూపించింది.
పాచిలో ఏముంటుంది చూడ్డానికి?
మా అమ్మ నాలుగిళ్ళలో పాచిపని చేసి నన్ను పెంచింది,
ఆ మాట నాకు కొత్తా?
తీరా చూస్తే
తెగిన దారపు ముక్కలు. బతికున్నవి.
మెలికలు తిరుగుతూ, ఒకదాన్నొకటి దాటుకుంటూ,
వాటి మధ్య పూసల గుంపులు, పుల్లల బారులు,
సాయంత్రం గేటు ఎత్తగానే రోడ్డు మీద పడే జనం.

"ఇవి ఎప్పుడూ ఉండేవేమ్మా. మీకూ, నాకూ.
కొంచెంగా ఉంటే గొడవ లేదు.
పోగై, జిగురు కప్పుకుని,
గాలాడని చోట కాపురం పెడితేనే..."
తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించింది.
నాకు అర్థమైంది మాత్రం ఇది:
ఎముకను తిన్నది అవొక్కటే కాదు.
వాటిని తరమడానికి వచ్చిన నా నెత్తురే
ఏళ్ళ తరబడి వెనక్కి వెళ్ళలేదు.
దొంగ కోసం వచ్చిన పోలీసులు
వీధిలోనే మకాం వేసి
మన దూలాలే పీకి చలిమంట వేసుకున్నట్టు.

చిగురన్న మాటే చూడు.
కొమ్మకు ఎర్రబడితే వసంతం.
నోట్లో ఎర్రబడితే ఆకు రాలే కాలం.

పంటి బిగువున బతికానని చెప్పుకునేదాన్ని,
ఆయన పోయినప్పుడు, మిషను తాకట్టుకెళ్ళినప్పుడు.
ఆ బిగువు ఎక్కడెక్కడ ఎంత సడలిందో
ఇప్పుడు చీటీ మీద అంకెల్లో ఉంది.

"పూర్తిగా పోతుందా?"
"పోదు. అణిగి ఉంటుంది. మూడు నెలలకోసారి రండి.
షుగరు కూడా చూపించుకోండి,
రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి."
పుక్కిలించి ఉమ్మితే
గిన్నెలో గులాబి నీళ్ళు ఒక చుట్టు తిరిగి దిగిపోయాయి.
వాటితో ఎన్ని కోట్లు కొట్టుకుపోయాయో,
మిగిలినవి అప్పుడే ఎక్కడ పునాది తవ్వుతున్నాయో.

తిరిగొస్తుంటే గేటు పడింది.
గూడ్సు బండి. తోక ఎక్కడుందో దానికే తెలియదు.
నిలబడి, నాలుకతో పళ్ళన్నిటినీ
ఒక్కొక్కటే పలకరించాను.
ముందరిది ఒకటి ఆలస్యంగా పలికింది.

మర్నాడు మిషను మెడకు కత్తెరను నాడాతో కట్టాను.
అయినా మూడో హుక్కు దగ్గరికొచ్చేసరికి
దారం పెదాల మధ్యే ఉంది.